139 ఏళ్ళు ఓపెన్‌లో ఉన్న బగ్గు

మార్చి చివర్లో ఓ ఆదివారం, పొద్దున్న ఆరున్నరకి అమీన్‌పూర్ చెరువు గట్టున నిలబడి తుంగలో కదులుతున్న ఒక పిట్టని ఇరవై నిమిషాలు చూశాను. చూశాను అంటే పూర్తిగా కాదు. ఒకసారి తోక, ఒకసారి ముక్కు, మిగతా అన్నిసార్లూ ఉత్త తుంగ. వీపు గోధుమరంగు, పొట్ట మాసిన తెలుపు, కంటి మీద ఉందా లేదా అన్నట్టు ఓ లేత గీత. అంతే. గుర్తుపట్టడానికి ఒక ఎర్ర మచ్చ గానీ పచ్చ పట్టీ గానీ పెట్టకుండా దేవుడు పని సగంలో వదిలేసి వెళ్ళిపోయినట్టుంటుంది. రెండు ఫోటోలు తీశాను. ఒకదాంట్లో తుంగాకు సరిగ్గా మొహానికి అడ్డం, రెండోదాంట్లో పిట్టే లేదు :)

ఇంటికొచ్చి పుస్తకం తిరగేశాను. ముక్కు పొడుగ్గా అనిపించింది కదా అని "లార్జ్-బిల్డ్ రీడ్ వార్బ్లర్" అని ఈబర్డ్‌లో ఎక్కించి, టిఫిన్ చేసి పడుకున్నాను. మర్నాడు ఆఫీసులో ఉండగా రివ్యూయర్ దగ్గర్నుంచి మెయిల్. చాలా మర్యాదగా రాశాడాయన. ఏ ఆధారంతో ఈ పేరు పెట్టారు, బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ ఎందుకు కాకూడదు, ఫోటో గానీ రికార్డింగ్ గానీ ఉందా అని. ఈ మెయిల్ సంగతి మా చెరువు బ్యాచ్‌లో అందరికన్నా పెద్దాయన, రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు ఒకాయనకి చెబితే పడీపడీ నవ్వారు. "ఆ పిట్ట పేరు రాసే ముందు దాని కథేంటో తెలుసుకున్నావా బాబూ?" అన్నారు.

తెలుసుకోలేదు. ఆ తరవాత రెండు వారాలు రాత్రుళ్ళు కూర్చుని తెలుసుకున్నాను. మన ప్రొఫెషన్ వాళ్ళకి బాగా ఎక్కే కథ ఇది. ఒక్కసారే రీప్రొడ్యూస్ అయిన బగ్గు, నేమ్‌స్పేస్ గొడవ, బ్యాకప్ లేని డేటా, తప్పు ఫోల్డర్లో సేవ్ చేసిన ఫైళ్ళు, అన్నీ ఉన్నాయి ఇందులో.

ముందు కొంచెం నేపథ్యం. వార్బ్లర్లు అంటే పురుగులు తినే బుల్లి పిట్టల పెద్ద గుంపు. మన తెలుగులో ఇలాంటి బుల్లి పిట్టల్ని చాలావాటిని "జిట్ట" అంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో జెర్డాన్ రాసిన భారతదేశపు పక్షుల పుస్తకంలో, నేను పైన చెప్పిన బ్లైత్స్ రీడ్ వార్బ్లర్‌కి "కుంపజిట్ట" అని తెలుగు పేరు ఇచ్చాడు. మా అమ్మని అడిగితే ఎప్పుడూ వినలేదంది. "ఆదివారం పూట కూడా పొద్దున్నే లేచి చెరువు గట్టున ఏం పని నాన్నా నీకు" అని కూడా అంది, అది వేరే విషయం.

మనకి వసంతం అంటే కోయిల. ఉగాది రోజుల్లో కోయిలని గుర్తుపట్టడానికి బైనాక్యులర్స్ అక్కర్లేదు, చెవులుంటే చాలు. వార్బ్లర్లతో వచ్చిన చిక్కు అక్కడే. ఇవి చాలావరకు వలస పిట్టలు. సెప్టెంబరు ప్రాంతంలో మన దగ్గరికొచ్చి, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తరానికి వెళ్ళిపోతాయి. అక్కడ, గూడు కట్టే చోట, మగ పిట్ట గొంతెత్తి పాడుతుంది. ఆ పాటే దాని అసలు సంతకం. మన దగ్గరున్న ఆరేడు నెలలూ "చక్", "చిప్" అని ఒక్క ముక్క మాట్లాడి ఊరుకుంటుంది. అంటే యూరప్ వాడికి వసంతంలో వార్బ్లర్ పాస్‌వర్డ్ చెప్పుకుంటూ వస్తుంది, మనకేమో లాగవుట్ అయ్యే టైములో కనబడుతుంది. పోయే ముందు కొన్ని కాస్త గొంతు సవరించుకుంటాయి, మన అదృష్టం బాగుంటే.

పాటే సంతకం అని మొదట పట్టుకున్నవాళ్ళలో ముఖ్యుడు గిల్బర్ట్ వైట్. ఇంగ్లాండులో సెల్బోర్న్ అనే పల్లెటూళ్ళో చర్చి పాస్టరు. అప్పట్లో అక్కడివాళ్ళు విల్లో రెన్ అని ఒకే పేరుతో పిలిచే చిన్న ఆకుపచ్చ పిట్ట నిజానికి ఒకటి కాదు, మూడు అని 1768లో థామస్ పెనెంట్‌కి ఉత్తరాలు రాశాడు. ఈ రోజు మనం చిఫ్‌చాఫ్, విల్లో వార్బ్లర్, వుడ్ వార్బ్లర్ అంటున్నవి అవే. బైనాక్యులర్స్ లేవు, టేప్ రికార్డర్ లేదు. ఊరి చుట్టూ నడుస్తూ, ఒకటి రెండే స్వరాలు మార్చి మార్చి అంటోంది, ఇంకోటి పైనుంచి కిందకి జారుతున్నట్టు పాడుతోంది, మూడోది చెట్టు పైన కూర్చుని రెక్కలు వణికిస్తూ పాడుతోంది అని విన్నాడు. ఆ తరవాత పిట్టల్ని చేతిలోకి తీసుకుని చూస్తే చిఫ్‌చాఫ్ కాళ్ళు నల్లగా, మిగతా రెంటివీ లేత రంగులో ఉన్నాయి. అంటే ముందు చెవి తేడా చెప్పింది, తరవాత కన్ను ఒప్పుకుంది. ఆ ఉత్తరాలే 1789లో పుస్తకమయ్యాయి, ఇప్పటికీ ప్రింటులో ఉంది.

సరే, మన దేశానికొద్దాం. ఇక్కడ వార్బ్లర్లకి పేర్లు పెట్టినవాళ్ళ జాబితా చూస్తే ఈస్టిండియా కంపెనీ పేరోల్ చూసినట్టే ఉంటుంది. కర్నల్ సైక్స్ 1832లో దక్కన్ నుంచి ఒక పిట్టకి శాస్త్రీయ నామంలో "రామ" అని పెట్టాడు, ఈ రోజుకీ అది ఇడ్యునా రామానే. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం క్యూరేటర్ ఎడ్వర్డ్ బ్లైత్, 1849లో మన కుంపజిట్టకి అక్రోసెఫాలస్ డ్యుమెటోరమ్ అని పేరు పెట్టాడు. ఇక థామస్ జెర్డాన్ మద్రాసు సైన్యంలో డాక్టరు. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నాడు. 1845లో ఆయన ఇంకో రీడ్ వార్బ్లర్‌ని నెల్లూరు దగ్గర దొరికిన పిట్ట ఆధారంగా ప్రపంచానికి పరిచయం చేశాడు. పేరు అక్రోసెఫాలస్ అగ్రికోలా. అగ్రికోలా అంటే లాటిన్లో రైతు. ఇంగ్లీషులో ప్యాడీఫీల్డ్ వార్బ్లర్, అంటే వరిచేల పిట్ట. ఎక్కడో రష్యా గడ్డిమైదానాల్లో, మధ్య ఆసియాలో గూడు కట్టుకునే పిట్టకి ప్రపంచం మొత్తం వాడే పేరు నెల్లూరు వరిచేల మీదుగా వచ్చింది. నెల్లూరు నుంచి వచ్చిన మా టీమ్ లీడ్‌కి ఈ సంగతి చెబితే "మొలగొలుకులు తినడానికొచ్చుంటుందిలే" అన్నాడు.

(జెర్డాన్ అనగానే మనవాళ్ళకి కలివికోడి గుర్తురావాలి. ఆయన పంపిన ఆ పిట్టకి 1848లో పేరు పెట్టిందీ ఈ బ్లైతే. 1900 తరవాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో ఐతన్న అనే స్థానిక వేటగాడి సాయంతో భరత్ భూషణ్ దాన్ని మళ్ళీ కనుక్కున్నాడు. అది రాత్రుళ్ళు తిరిగే పిట్ట, వెతికినవాళ్ళేమో పగలు వెతికారు. టెస్ట్ కేసే తప్పు.)

ఇప్పుడు అసలు హీరో. అలన్ ఆక్టేవియన్ హ్యూమ్. అవును, అదే ఏ.ఓ. హ్యూమ్, పదో తరగతి సోషల్లో "1885లో భారత జాతీయ కాంగ్రెస్ స్థాపకుడు" అని ఒక మార్కు బిట్టు. ఆ బిట్టు వెనకాల ఉన్న మనిషి ప్రపంచంలోకెల్లా పెద్ద ఆసియా పక్షుల సేకరణ ఒకటి తయారు చేశాడని మనకెవరూ చెప్పలేదు. 1867 నుంచి 1870 దాకా ఆయన ఉద్యోగం ఏంటంటే కస్టమ్స్ కమిషనర్. ఉప్పు మీద పన్ను ఎగ్గొట్టకుండా ఉత్తర భారతం అడ్డంగా బ్రిటిష్‌వాళ్ళు పెంచిన ముళ్ళకంచె ఉందే, వేల మైళ్ళ కస్టమ్స్ లైను, దాన్ని చూసుకోవడం. ఒక పక్క ఉప్పు పన్ను, ఇంకో పక్క పిట్టలు, ఆ తరవాత కాంగ్రెస్. మన రెజ్యూమెలు ఎంత బోరో!

1867 నవంబరు 13న, ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లో రాంపూర్‌కి దగ్గర్లో, సట్లెజ్ లోయలో హ్యూమ్ ఒక గోధుమరంగు పిట్టని సేకరించాడు. ఒక్కటే. ముక్కు పొడుగు. 1869లో దానికి ఫిలోన్యూస్టె మాక్రోరింకా అని పేరు పెట్టాడు, అంటే ముందు దాన్ని ఆకు వార్బ్లర్ల కుటుంబంలో పడేశాడు. 1871లో మనసు మార్చుకుని రీడ్ వార్బ్లర్ల దగ్గరికి, అక్రోసెఫాలస్‌లోకి మార్చాడు. కనిపెట్టినవాడే కేటగిరీ మార్చాడంటే పిట్ట ఎంత ఇబ్బంది పెట్టిందో చూడండి. 1905లో ఓబర్‌హోల్సర్ అనే అమెరికన్, "ఈ పేరు ఇదివరకే ఈజిప్టు పిట్ట ఒకదానికి వాడేశారు, చెల్లదు" అని ఓరైనస్ అని కొత్త పేరు పెట్టాడు. నేమ్‌స్పేస్ కొలిజన్ అన్నమాట. పిట్ట ఒక్కటే, పేర్లు మాత్రం మూడో వెర్షన్‌కి చేరాయి.

ఆ తరవాత? ఏమీ లేదు. ఇంకో పిట్ట దొరకలేదు. వందేళ్ళకి పైగా లోకంలో ఈ జాతికి సాక్ష్యం లండన్‌కి వెళ్ళిన ఆ ఒక్క చర్మమే. ఒక్క శాంపిల్‌తో ఎవరు నమ్ముతారు? కొందరు ఇది క్లామరస్ రీడ్ వార్బ్లర్‌లోనే ఒక రకం అన్నారు. కొందరు బ్లైత్స్ రీడ్ వార్బ్లర్‌లో ఏదో తేడాగా పుట్టిన పిట్ట అన్నారు. వాళ్ళని తప్పుపట్టలేం. ప్రొడక్షన్లో ఒక్కసారి వచ్చి, ఆ తరవాత ఎవరి మెషీన్లోనూ రాని బగ్గుని మనం ఏం చేస్తాం? "నాట్ రీప్రొడ్యూసిబుల్" అని క్లోజ్ చేసేస్తాం. నేను చేశాను, చాలాసార్లు.

ఇక్కడ హ్యూమ్ సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఆయన జీవితమే ఒక డేటా లాస్ కథ. 1872లో "స్ట్రే ఫెదర్స్" అని పక్షుల పత్రిక మొదలుపెట్టి దేశం నలుమూలల్నుంచీ ఉద్యోగులు, ప్లాంటర్లు, ఇంజనీర్లతో రాయించాడు. అప్పటికది ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు లాంటిదే, ఆయన మెయింటెయినర్. ప్రభుత్వాన్ని తిట్టే అలవాటుండటం వల్ల 1879లో సెక్రటరీ ఉద్యోగం నుంచి దించేశారు. సిమ్లాలో రోత్నీ క్యాజిల్ అనే ఇంట్లో మ్యూజియం కట్టుకుని, భారతదేశపు పక్షుల మీద పెద్ద పుస్తకం రాద్దామని పాతికేళ్ళ నోట్సు దాచుకున్నాడు. 1880లలో ఆయన ఊళ్ళో లేనప్పుడు పనివాడొకడు ఆ కాయితాల్ని సిమ్లా బజార్లో చిత్తుకాయితాల కింద అమ్మేశాడు. కిరాణా కొట్లో పొట్లాలు కట్టేశారేమో పాతికేళ్ళ పనిని. బ్యాకప్ లేదు. హ్యూమ్‌కి మనసు విరిగిపోయింది. చర్మాలు, గుడ్లు, గూళ్ళు కలిపి దాదాపు 82 వేల నమూనాల్ని 1885లో బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశాడు. పెద్ద పెద్ద దేవదారు పెట్టెల్లో కొండ దిగి వెళ్ళాయవి. అదే ఏడాది డిసెంబరులో బొంబాయిలో కాంగ్రెస్ మొదటి సమావేశం. ఆ కాయితాలు పోకపోతే ఆయన కాంగ్రెస్ బదులు పుస్తకం మీద కూర్చునేవాడా? ఇది నా ఊహ మాత్రమే. చరిత్ర వాళ్ళు కొట్టకండి.

ఇన్ని వేల పిట్టల్ని చంపడం ఏంటి అని మీకు అనిపిస్తే, నాకూ అనిపించింది. హ్యూమ్‌కీ అనిపించింది, థియోసాఫికల్ సొసైటీలో ఉన్న రోజుల్లో శాకాహారి అయి, నమూనాల కోసం పిట్టల్ని కాల్చడం కూడా మానేశాడు. కానీ ఆ చర్మాలు లేకపోతే ఈ కథలో మిగతా సగం ఉండదు. ఈ రెంటినీ ఎలా కలపాలో నాకు తెలీలేదు.

హ్యూమ్ స్నేహితుల్లో విలియం ఎడ్విన్ బ్రూక్స్ అని ఒక రైల్వే ఇంజనీరు ఉన్నాడు. నాకు ఈ కథ మొత్తంలో నచ్చిన మనిషి ఆయనే, కులం కలిసింది కదా, ఇంజనీర్ల కులం :) ఆకు వార్బ్లర్లంటే, అంటే ఆకుల మధ్య ఎగురుతూ అన్నీ ఒకేలా కనబడే లేత పచ్చ పిట్టలంటే ఆయనకి పిచ్చి. 1878లో ఒకదానికి స్నేహితుడి పేరు మీద హ్యూమై అని పెట్టాడు. కొడుక్కి కూడా అలన్ అని హ్యూమ్ పేరే పెట్టాడు. ఇటావాలో పుట్టిన ఆ కొడుకు తరవాత కెనడాలో పేరున్న పక్షి చిత్రకారుడయ్యాడు. హ్యూమ్స్ వార్బ్లర్ చాలా ఏళ్ళు ఎల్లో-బ్రౌడ్ వార్బ్లర్‌లోనే ఒక ఉపజాతిగా పడి ఉంది. దాని పిలుపూ పాటా వేరు అని వినీ, డీఎన్ఏ చూసీ మళ్ళీ విడి జాతిగా ఒప్పుకునేసరికి ఇరవయ్యో శతాబ్దం అయిపోవచ్చింది. బ్రూక్స్ కరెక్టే అన్నమాట, వందేళ్ళు ఆలస్యంగా.

మళ్ళీ మన ఒంటరి పిట్ట దగ్గరికి. 2002లో స్వీడన్‌లో లుండ్ యూనివర్సిటీకి చెందిన స్టాఫన్ బెంచ్, డేవిడ్ పియర్సన్‌తో కలిసి ఆ పాత చర్మాన్ని మళ్ళీ తెరిచాడు. రెక్క కొలతలు తీసుకున్నారు, మైటోకాండ్రియల్ డీఎన్ఏ తీశారు. ఫలితం: ఇది బ్లైత్స్ కాదు, క్లామరస్ కాదు. హ్యూమ్ కరెక్టు. ఇది వేరే జాతి. (ఈ బెంచ్ గారే 2001లో డారెన్ ఇర్విన్, ట్రెవర్ ప్రైస్‌లతో కలిసి గ్రీనిష్ వార్బ్లర్ మీద పేరున్న పేపర్ రాశాడు. టిబెట్ పీఠభూమి చుట్టూ ఉంగరంలా పరుచుకున్న ఆ పిట్టలు పక్కపక్కనున్నవి కలుస్తాయి గానీ, ఉంగరం రెండు కొసలూ సైబీరియాలో ఎదురుపడితే ఒకదాన్నొకటి గుర్తించవు. 1938లోనే టైస్‌హర్స్ట్ ఈ మాట అన్నాడు. చలికాలంలో మన మామిడి చెట్ల మీద టిచిక్ టిచిక్ అంటూ తిరిగే పిట్ట అదే. దీని మీద విడిగా రాయాలి.)

సరే, జాతి నిజమే. పిట్ట ఎక్కడ?

2006 మార్చి 27. థాయ్‌లాండ్‌లో ఫెచబురి దగ్గర లేమ్ ఫాక్ బియా అనే చోటు. అదొక మురుగునీటి శుద్ధి కేంద్రం. మహిడోల్ యూనివర్సిటీకి చెందిన ఫిలిప్ రౌండ్ అక్కడ సన్నటి వలలు కట్టి, పిట్టల్ని పట్టుకుని, కాలికి రింగు తొడిగి వదులుతున్నాడు. వలలో ఒక రీడ్ వార్బ్లర్ పడింది. ముక్కు పొడుగ్గా ఉంది, రెక్కలు పొట్టిగా ఉన్నాయి, ఈ లెక్క దేనికీ సరిపోవట్లేదు. ఆయన పక్షుల మనిషి కాబట్టి ఆ 2002 పేపర్ మెదడులో ఉంది. మెల్లిగా వెలిగింది. బతికున్న డోడోని పట్టుకున్నట్టనిపించిందని తరవాత చెప్పాడు. ఫోటోలు, డీఎన్ఏ శాంపిల్ స్వీడన్‌కి బెంచ్ దగ్గరికి వెళ్ళాయి. మ్యాచ్ అయింది. సట్లెజ్ లోయ నుంచి 139 ఏళ్ళకి మురుగునీటి గుంట పక్కన.

ఇక్కడ ఒక చిన్న మాట. ఆ పిట్టని గుర్తుపట్టింది కంటితో దూరం నుంచి కాదు, చేతిలో పట్టుకుని. పది పన్నెండు గ్రాముల పిట్ట రెక్కలో పొడవాటి ఈకలు ఒక్కోటీ ఎంత దూరం వచ్చాయి, ఏది దేనికన్నా ఎన్ని మిల్లీమీటర్లు పొట్టి అని కొలుస్తారు. దాన్నే వింగ్ ఫార్ములా అంటారు. రంగుని నమ్మలేం, ఎండకి వెలిసిపోతుంది, పొద్దుటి వెలుగులో ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. ఈకల నిష్పత్తి మారదు. మొహం చూడకుండా చెక్‌సమ్ చూడటం లాంటిది. నేను గట్టు మీద నుంచి ఇరవై మీటర్ల దూరంలో తుంగాకు వెనకాల చూసి పేరు పెట్టానే, ఎంత ధైర్యమో ఇప్పుడర్థమైంది కదా!

అసలు మజా తరవాత జరిగింది. ఒక పిట్ట బతికుందంటే ఇన్నాళ్ళూ ఎవరికీ కనబడకపోవడం ఏంటి? బహుశా కనబడింది, పేరు తప్పు రాశారు. ఈ అనుమానంతో మ్యూజియం సొరుగులు తెరిచారు. ఇంగ్లాండులో ట్రింగ్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో, బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అని లేబుల్ ఉన్న సొరుగులో, పంతొమ్మిదో శతాబ్దంలో మన దేశంలో సేకరించిన పిట్ట ఒకటి బయటపడింది. చూశారా, "నాట్ రీప్రొడ్యూసిబుల్" అన్న బగ్గు ఇన్నేళ్ళూ లాగ్స్‌లోనే ఉంది! 2008లో లార్స్ స్వెన్సన్, రాబర్ట్ ప్రిస్-జోన్స్, పమేలా రాస్ముసెన్, అర్బన్ ఓల్సన్ ఇలాంటివి మొత్తం పది నమూనాలు దొరికాయని రాశారు. ఆ చర్మాల వల్లే పోల్చడానికి లక్షణాలు కూడా దొరికాయి: ముక్కు పొడవు, గోళ్ళు పెద్దవి, తోక ఈకల కొసలు ఎక్కువ కోసుగా ఉంటాయి. ఒక్క శాంపిల్ ఉన్నప్పుడు ఏది జాతి లక్షణమో, ఏది ఆ ఒక్క పిట్ట అవకరమో చెప్పలేరు. పదీ పదకొండూ ఉంటే చెప్పొచ్చు.

ఈ రాస్ముసెన్ పేరు గుర్తుపెట్టుకోండి. లేబుల్‌ని నమ్మకూడదని ఆవిడకి బాగా తెలుసు. రిచర్డ్ మీనర్ట్‌జాగెన్ అని ఒక బ్రిటిష్ కర్నల్, మ్యూజియంల నుంచి పిట్టల చర్మాలు దొంగిలించి, మళ్ళీ కుట్టించి, తానే సేకరించినట్టు దొంగ ఊరు, దొంగ తేదీ రాసి పెట్టాడు. అడవి పైడికంటె అని మనం అనుకోగలిగిన ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబ మీద ఆయన రాసిన 1914 లేబుల్ అబద్ధమని తేల్చి, దాన్ని పక్కన పెట్టి, అసలైన పాత నమూనాలు దొరికిన చోట్ల వెతికితే 1997 నవంబరులో మహారాష్ట్రలో షహాదా దగ్గర ఆ గుడ్లగూబ రాస్ముసెన్ బృందానికి బతికి కనబడింది. ఒక్క తప్పు ఎంట్రీ వల్ల అన్నేళ్ళు జనం తప్పు చోట వెతికారు. మరి నా ఎంట్రీ? నేను దొంగని కాదు, నిజమే. కానీ అమీన్‌పూర్ చెరువులో లార్జ్-బిల్డ్ రీడ్ వార్బ్లర్ అని నేను రాసినది రివ్యూయర్ ఆపకపోతే మ్యాప్ మీద ఒక చుక్క అయ్యేది. ఎవడో రిసెర్చ్ స్కాలర్ ఆ చుక్కని లెక్కలోకి తీసుకునేవాడు. దొంగ చుక్కకీ తొందరపాటు చుక్కకీ మ్యాప్‌లో రంగు ఒకటే.

కథలో చివరి ముక్క 2008లో. ఆఫ్ఘనిస్తాన్ ఈశాన్య మూల, బదఖ్షాన్‌లో వాఖాన్ కారిడార్. మ్యాప్ మీద వేలు చాపినట్టుంటుంది, అటు తజికిస్తాన్, ఇటు పాకిస్తాన్. రష్యా సామ్రాజ్యం, బ్రిటిష్ సామ్రాజ్యం ఒకదానికొకటి తగలకుండా ఉండాలని 1890లలో గీసిన ముక్క అది. దేశంలో యుద్ధం నడుస్తుండగా వైల్డ్‌లైఫ్ కన్సర్వేషన్ సొసైటీ తరఫున రాబర్ట్ టిమిన్స్ అక్కడ పిట్టల సర్వే చేస్తున్నాడు. నది ఒడ్డున పొదల్లోంచి ఒక పిట్ట గట్టిగా పాడుతోంది. రికార్డు చేశాడు. ఏదో బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అయ్యుంటుందిలే అనుకున్నాడు. (టిమిన్స్ అంతటివాడు కూడా! నాకు కొంచెం ఊరట కలిగింది.) తరవాత ట్రింగ్‌కి వెళ్ళి చర్మాలతో పోల్చి చూస్తే సరిపోలేదు. ఆ టేపు విని, ఇది ఓరైనస్ కావచ్చని ముందుగా అన్నది స్వెన్సన్. 2009 వేసవిలో ఆఫ్ఘన్ పరిశోధకులతో సహా బృందం మళ్ళీ వెళ్ళి, ఆ రికార్డింగే వినిపించి, వలలు కట్టి దాదాపు ఇరవై పిట్టల్ని పట్టుకుని కొలిచి, శాంపిల్ తీసి వదిలేసింది. అప్పటిదాకా చరిత్ర మొత్తంలో దొరికినవాటి కన్నా ఎక్కువ. డీఎన్ఏ ఒప్పుకుంది. గూడు కట్టుకునే చోటు దొరికింది.

1867 నవంబరులో సట్లెజ్ లోయలో హ్యూమ్‌కి ఎదురుపడిన పిట్ట ఆ కొండల నుంచో, ఆ చుట్టుపక్కల నుంచో కిందికి దిగుతూ ఉండుంటుంది. అది పాడదు, నవంబరు కదా. పాడి ఉంటే, గిల్బర్ట్ వైట్ లాంటి చెవులున్న మనిషి పక్కన ఉంటే ఈ కథ రెండు పేరాల్లో తేలిపోయేదేమో.

నేను రివ్యూయర్‌కి సారీ చెప్పి ఎంట్రీ మార్చేశాను. ఈబర్డ్‌లో అలాంటప్పుడు పెట్టుకోవడానికి "అక్రోసెఫాలస్ ఎస్పీ" అని ఒక ఆప్షన్ ఉంది, అంటే ఈ కుటుంబంలోదే గానీ ఎవరో తెలీదు అని. ఇన్నాళ్ళూ అది చేతకానివాళ్ళ ఆప్షన్ అనుకునేవాణ్ణి. మొన్న బ్యాంకు అంకుల్ వాళ్ళింటికి కాఫీకి వెళితే 1990ల నాటి ఆయన డైరీలు చూపించారు. అట్టలు ఊడిపోయాయి, గుండ్రటి చేతిరాత. పేజీకి ఒకటో రెండో చోట్ల "బ్లైత్స్?" అని ఉంది. ఆ ప్రశ్నార్థకం ప్రతిసారీ పేరు కన్నా పెద్దగా రాశారు.

ఏప్రిల్ రెండో ఆదివారం మళ్ళీ వెళ్ళాను. గట్టు పక్క సర్కారు తుమ్మ పొదలో "చక్... చక్" అంది. ఆగాను. కాసేపటికి లోపలెక్కడో నెమ్మదిగా, ప్రతి ముక్కనీ రెండు మూడుసార్లు తిప్పి అంటూ, మధ్యలో వేరే పిట్టల గొంతులు కలిపేస్తూ పాట మొదలెట్టింది. ఒక్క నిమిషం. ఫోన్ తీసి రికార్డు చేద్దామనుకునేలోపు ఆపేసి, పైకొచ్చి కొమ్మ మీద కూర్చుంది. ఈసారి మూడు ఫోటోలు వచ్చాయి, మూడింట్లోనూ పిట్ట ఉంది. అక్కడే నిలబడి అంకుల్‌కి పంపించాను, ముక్కు కొంచెం పొడుగ్గా లేదూ అని అడుగుతూ.

పది నిమిషాలకి జవాబొచ్చింది. "బ్లైత్స్ కావచ్చు. వెనక వేలి గోరు కనిపించే ఫోటో ఉందా?"

లేదు.